రెండో కాగ్నా మీద మనుషులు

"దాదీ, అబ్బాకు చెప్పు. రేపు ఆ ఇంజన్ నడిచిందంటే నేను ఈ ఇంట్ల ఉండ."

తాజ్ మొహమ్మద్ చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే కూర్చుని ఉన్నాడు. కూతురి మాట వినపడలేదనడానికి లేదు. అయినా తలెత్తకుండా రొట్టె ముక్క చాయ్‌లో ముంచి, "అమ్మా, నీ మనుమరాలికి చెప్పు. పోయేటప్పుడు యాడికి పోతున్నదో చెప్పి పొమ్మను. నేనే స్టేషన్ల దించి వస్త," అన్నాడు.

హాజిరాబీ ఇద్దరి మధ్యా తస్బీ పూసల దండ పట్టుకుని కూర్చుంది. పొద్దున నమాజు చదివి లేచినప్పటి నుంచీ ఇదే వరస. తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూడడం మానేసి ఆమె చెవుల గుండా తిట్టుకుంటున్నారు.

"మీ ఇద్దరికీ నేను ఫోనునా?" అంది. "నాకు తస్బీ లెక్క తప్పుతున్నది. మీరే మాట్లాడుకోండ్రి."

ఎవరూ నవ్వలేదు. వంటింటి గడపలో నిలబడిన కోడలు సాబెరా మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె హాజిరాబీ సొంత తమ్ముడి కూతురే కాబట్టి పెళ్లయి ఇన్నేళ్లయినా అత్తగారు అనదు, మేనత్తను పిలిచినట్టు ఫుప్పూ అనే పిలుస్తుంది.

వాకిట్లో ట్రాక్టర్ ట్రాలీ మీద నీళ్లు తోడే డీజిల్ ఇంజన్ ఉంది, పక్కనే పైపు చుట్టలు ఉన్నాయి. యాలాల్ దారిలో ఉన్న వాళ్ల పాత గని కోసం తెచ్చినవి. హాజిరాబీ భర్త బతికి ఉండగానే ఆ గనిలో ఊట పగిలి నీళ్లు నిండిపోయాయి. అప్పటి నుంచి దాన్ని వదిలేశారు. చుట్టూ జమ్ము పెరిగింది. జమ్ములో నీటికోళ్లు పిల్లలు చేస్తున్నాయి. ఆ నీళ్ల అడుగున ఇంకా కొయ్యని నీలం రాయి ఉంది. రేపు శుక్రవారం జుమా నమాజు కాగానే ఇంజన్ పెట్టి నీళ్లు తోడేసి గని మళ్లీ తెరుస్తానని తాజ్ పట్టుబట్టాడు.

"అబ్బాను అడుగు దాదీ, ఆ పక్షులు ఏం పాపం చేసినయో."

"దాన్ని అడుగమ్మా, మేస్త్రి చంద్రప్ప పిల్లలు ఏం పాపం చేసిండ్రో. గనులన్నీ అయిపోయినయి. నా షెడ్డుల పాలిష్ మిషన్లున్నయి, వాటికెయ్యడానికి నా రాయి లేదు. పనోళ్లు ఒక్కొక్కరే సేడం దిక్కు గనులకు ఎల్లిపోతున్నరు. వాళ్లను గూడ జమ్ముల గూడు కట్టుకోమంటదా?"

ఇరమ్ పళ్లెం జరిపి లేచింది. "నేను నా కథల ఏం రాసిన్నో అదే చేస్తున్నడు. అచ్చం అదే."

ఆ మాటతో తాజ్ మొదటిసారి కూతురి వైపు తిరిగాడు. "నీ కథనా? ఎవరి కథనే అది?"

అసలు పుండు అదే.

ఆ కథ ముందు తాజ్‌దే. ఇరమ్ చిన్నప్పుడు మిద్దె మీద పడుకుని అతనే చెప్పేవాడు. మన కాగ్నా వాగు పూర్తిగా ఎండిపోయిందట. తాండూరు జనమంతా ఆకాశంలో పోయే ఓడ ఎక్కి ఇంకో గోళం మీద దిగారట. ఎటు చూసినా రాయే. అప్పుడు ఒక ఇంజనీరు ఆ రాయిని చీల్చి నీళ్లు పైకి తెచ్చాడు. పిల్లలందరూ తాగారు. ఆ గోళానికి రెండో కాగ్నా అని పేరు పెట్టుకుని అక్కడే ఊరు కట్టుకున్నారు.

ఇప్పుడు వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్న ఇరమ్ దాన్నే తీసుకుని నవలగా రాస్తోంది. భాగం భాగం తన గొంతుతో చదివి ఫోన్లో పెడుతోంది. అయితే ఆమె కథలో ఆ రాయికి ప్రాణం ఉంది, మనుషులకు మాత్రం పేర్లు కూడా లేవు. ఒక్క ఇంజనీరుకు ఒక గుర్తు ఉంది. చెవి మీద చదును పెన్సిలు పెట్టుకుని, మాట్లాడే ముందు దానితో మెడ గోక్కుంటాడు.

తాండూరులో అలా గోక్కునే మనిషి ఎవరో షెడ్డులో అందరికీ తెలుసు. ఫోన్ నుంచి ఫోన్‌కి పాకి ఆ కథ పనివాళ్ల దాకా వచ్చింది. అన్నం తినే వేళ పెట్టుకుని విన్నారు. ఆ రోజు నుంచి తాజ్ వెనక తిరిగితే చాలు, ఎవడో ఒకడు "ఇంజనీర్ సాబ్" అంటున్నాడు.

"ఇయ్యాల కాలేజీల ఆఖరి భాగం చదువుతున్న," అంది ఇరమ్ సంచీ భుజాన వేసుకుంటూ. "దాదీ, నువ్వు రేపు దెబ్బ కొడ్తవో కొట్టవో నీ ఇష్టం. కొడితే మాత్రం నేను ఖాలా వాళ్లింట్లనే ఉంట. ఇటు రాను."

పొద్దుటి నుంచి ఇద్దరూ తన చుట్టూ ఎందుకు తిరుగుతున్నారో హాజిరాబీకి తెలియక కాదు.

మిగతా గనుల మాట ఏమోగాని, వీళ్ల గనిలో ఒక ఆచారం ఉంది. గని తెరిచేటప్పుడు ఇంటి పెద్ద మొదటి దెబ్బ కొట్టాలి. ఉలి పట్టేది కూడా ఇంటి మనిషే కావాలి. ఫాతెహా చదువుతారు, హిందూ పనివాళ్లు కొబ్బరికాయ కొడతారు, అందరికీ బూందీ పంచుతారు. పెద్ద చేతి దెబ్బ పడనిదే ఒక్కడూ రాయి ముట్టడు. దెబ్బ పడ్డచోటే పని మొదలవుతుంది, ఆ రాయి అయిపోయేదాకా ఇంకోచోట కొయ్యరు. భర్త పోయాక ఆ ఇంటికి పెద్ద హాజిరాబీయే.

ఆమె తస్బీ కళ్లకద్దుకుని గూట్లో పెట్టింది. "ఆగవే. నేను గూడ వస్త నీ కాలేజీకి."

"నువ్వెందుకమ్మా?" అన్నాడు తాజ్.

"సగం కథ విని ఎట్ల నిర్ణయం చెయ్యాలె బేటా? మొత్తం వింట."

రైలు తాండూరు దాటింది. పాలిష్ షెడ్ల తెల్లటి రాతి పొడి వెనకబడి కంది చేలు వచ్చాయి. పూత మీద ఉన్నాయి. హాజిరాబీ బురఖా ముసుగు పైకి తీసి కిటికీ దగ్గర కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. ఫోన్ల విన్నది నాకు సగమే సమజైంది."

ఇరమ్ ముఖంలో పొద్దుటి కోపం కాస్త సడలింది. కథ చెప్పమంటే ఆ పిల్లకు లోకం గుర్తుండదు, అచ్చం తండ్రిలాగే. "రెండో కాగ్నా మీద రాయికే ప్రాణం దాదీ. మస్తు నిదానం. మనకు వందేండ్లు గడిస్తే దానికి ఒక్క శ్వాస. మనుషులు దిగినట్టు దానికి తెల్వనే తెల్వదు. తర్వాత చీల్చుడు మొదలుపెడ్తరు. అప్పుడు తెలుస్తది."

"కోపానికొస్తదా?"

"రాదు. కోపం మనుషులది. అది ఊరికె మూసుకుంటది. గాయం మానినట్టు."

"లోపల పని చేస్తున్నోళ్లో?"

ఇరమ్ కిటికీ బయటికి చూసింది. "మూసుకుంటది," అంది మళ్లీ.

ధారూర్ స్టేషన్లో పాలక్యాన్ల మనిషి ఒకడు ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఈ కథ చెప్తున్నది ఎవరు?" అని అడిగింది హాజిరాబీ.

"రాయే చెప్తది. అదే కొత్త దాదీ. ఎప్పుడు చూసినా మనుషులే చెప్పుకుంటరు, మనుషుల కోసమే. సముద్రం ఎవరికి? మనకు. చంద్రుడు ఎవరికి? మనకు. అబ్బా కథ గూడ అంతే. ఓడల ఎక్కినోళ్లందరికీ పేర్లున్నయి. రాయికి పేరు లేదు, నీళ్లకు పేరు లేదు. అడిగినోళ్లు గూడ లేరు. నేను దాన్ని తిప్పి రాసిన."

"తిప్పినవు గాని, అంగీ తిప్పి తొడుక్కున్నా అంగీనే గదనే. అటు పేర్లు లేకుండె, ఇటు పేర్లు లేవు."

ఇరమ్ సంచీ ఒళ్లోకి లాక్కుంది.

"ఇంకోటి అడుగుత. రాయికి మాటలు ఎవరిచ్చిండ్రు?"

"నేనే ఇచ్చిన."

"అయితే రాయి మాట్లాడుతున్నట్టా, నువ్వు మాట్లాడుతున్నట్టా?"

దెప్పడానికి అడగలేదు ఆమె. నిజంగానే తెలియక అడిగింది. అల్లా మనిషిని భూమి మీద కాపలాకు పెట్టాడని చిన్నప్పటి నుంచీ విన్నది. కాపలా వాడు తోటలో పండు తినొచ్చా, ఎంత తినొచ్చు, తోటమీద వాడికి ఏ హక్కు ఉంది అన్నది మాత్రం ఆమెకు ఎవరూ సరిగా చెప్పలేదు.

ఇరమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు జవాబులు రావు దాదీ. నాకు ఆ నీళ్లను చూస్తే ఎట్లనో అయితది. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగట. ఎన్ని లక్షల ఏండ్లకో మళ్లీ దాని మీదికి నీళ్లొచ్చినయి. వాటిని పైపుతోని గుంజి నాలాల పోస్తరా? నువ్వొక్కదానివే ఆపగలవు."

మనుమరాలి చెయ్యి చల్లగా ఉంది. హాజిరాబీ దాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ముందూ వెనకా చూసుకోకుండా, "ఆ నీళ్లు తోడనియ్య. మాటిచ్చిన, పో," అనేసింది.

అన్నాక గాని తానేమన్నదో ఆమెకు తెలియలేదు.

కాలేజీలో బెంచీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. రాబోయే కాలం గురించి, ఇతర లోకాల గురించి కథలు రాసే పిల్లలను రెబెక్క అనే తెలుగు మేడమ్ నెలకోసారి అక్కడ కూర్చోబెడుతుంది. ఆమె హాజిరాబీని చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చింది.

ఇరమ్ చదివింది. గొంతు వణకలేదు. చీల్చిన రాయి పొర పొరగా దగ్గరకు వచ్చింది. ఇంజనీరు పెన్సిలు చెవి మీద నుంచి జారి పడింది. ఓడ తలుపు మీదికి రాయి పెరిగింది. "నీళ్లు తమ చోటికి తాము వచ్చాయి. వినేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి దాన్ని నిశ్శబ్దం అని కూడా ఎవరూ అనలేదు."

చప్పట్లు మోగాయి. పిల్లలు బెంచీలు కూడా చరిచారు.

"మనుషులు పోతేనే భూమి బాగుపడ్తది మేడమ్," అంది ముందు వరసలో ఒక అమ్మాయి ఉత్సాహంగా. హాజిరాబీ ఆ అమ్మాయిని చూసింది. ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా రెండు జడలు. పొద్దున్నే ఎవరో ఇంట్లో కూర్చోబెట్టి శ్రద్ధగా అల్లి పంపారు.

రెబెక్క నవ్వి, "మనిషిని నడిమిట్ల నిలబెట్టి లోకాన్నంతా అతని చుట్టూ తిప్పే కథలు మనం మస్తు చదివినం. ఇది మనిషిని పక్కకు జరిపింది. ఇగ మీరు ఆలోచించాల్సింది ఏందంటే..." అని హాజిరాబీ చెయ్యి లేచి ఉండడం చూసి ఆగింది. "చెప్పండి పెద్దమ్మా."

"నాకు పెద్ద చదువు లేదమ్మా. ఒక్కటే అడుగుత. వాళ్లు ఏడికి పోయిండ్రు?"

"ఎవరు?"

"ఓడల వచ్చినోళ్లు. పిల్లలున్నరు గద అండ్ల."

బెంచీల మధ్య ఎవరో కిసుక్కున నవ్వారు. ఇరమ్ ముఖం ఎర్రబడింది. "కథ ఆడికే అయిపోతది దాదీ."

"నీకు అయిపోయింది బిడ్డ."

నవ్వు ఆగింది. హాజిరాబీకి తన మాట మీద తనకే సిగ్గేసింది. పిల్ల సంబరం చెడగొట్టడానికా ఇంత దూరం వచ్చింది? రెబెక్క ఆమెను మెట్ల దాకా సాగనంపుతూ, "మా చర్చిల గూడ నన్ను అడుగుతరు పెద్దమ్మా, ఈ కథలల్ల దేవుడు ఏడ నిలబడ్డడని," అంది మెల్లగా. "మనిషే అన్నిటికీ పెద్ద అంటే నాకు భయమైతది. మనిషి ఎవడూ కాడు అంటే ఇంకా భయమైతది. ఇరమ్‌కు మంచి చెయ్యి ఉన్నది. ఆ చెయ్యిని ఇంటి మీద అలిగి పోనియ్యకండి."

తాండూరులో దిగాక ఇరమ్‌ను ఇంటికి పంపి హాజిరాబీ ఒక్కతే షేర్ ఆటో ఎక్కింది.

గని అంచున మేస్త్రి చంద్రప్ప ముగ్గు డబ్బాతో ఉన్నాడు. నీళ్లు తగిలే మెట్టు మీద రేపటి దెబ్బ కోసం తెల్లటి గుర్తు వేస్తున్నాడు. బషీరాబాద్ అవతల, కర్ణాటక సరిహద్దు ఊరు అతనిది. ఆమె భర్త కాలం నుంచి ఈ ఇంటి పని చేస్తున్నాడు. ఆమెను చూసి డబ్బా కింద పెట్టి, తలగుడ్డ తీసి రాయి మీద పరిచాడు.

"కూసోండ్రి అమ్మా. ఇరమ్ చిన్నమ్మ కథ ఆఖరుకు ఏమయిందో విన్నరా?"

"విన్న."

"మేం చస్తమా?"

ఆమె ఉలిక్కిపడి చూసింది. అతను నవ్వుతున్నాడు. "పోయిన భాగంలనే అనుమానమొచ్చింది. మావోళ్లు పందెం గూడ కాసిండ్రు. ఎట్ల చస్తమట?"

"మూసుకుంటదట. రాయి."

"హౌదా? అయితే పోనియ్, నొప్పి లేదు." కాసేపటికి నవ్వు దానంతటదే ఆగింది. "కథ మంచిగ చెప్తది అమ్మా. నీటికోడి ఎట్ల కూస్తదో అచ్చం చెప్పింది. మేమెట్ల దగ్గుతమో చెప్పలే."

సాయంత్రపు ఎండ నీళ్ల మీద పరుచుకుంది. జమ్ములోంచి నల్లటి నీటికోడి ఒకటి పిల్లల్ని వెంటేసుకుని బయటికి వచ్చి, మనుషుల్ని చూసి మళ్లీ లోపలికి పోయింది.

"నీళ్లు తోడితే ఇవి ఏడికి పోతయి చంద్రప్పా?"

"ఏడికో పోతయి. మేం సేడం పోలేదా?"

అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు ఆ మాట మరీ గుచ్చుకుంది. "ఈడ తప్ప ఇంకేడ రాయి లేదా?" అని అడిగింది.

చంద్రప్ప ఎదుటి గట్టు మీదికి చూశాడు. అక్కడ తాజ్ పాలిష్ షెడ్డు రేకులు మెరుస్తున్నాయి. "ఉన్నది. షెడ్డు కింద. పెద్దసేటు బతికున్నప్పుడు చూపెట్టిండు నాకు. నీళ్ల కంటె మీదనే ఉంటది, తోడే పని గూడ లేదు. గాని షెడ్డు లేపాలె, మిషన్లు లేపాలె. మళ్లీ నిలబెట్టేదాక పాలిష్ బందు, పచ్చి రాయే అమ్ముకోవాలె. ఆ షెడ్డు తాజ్ సేటు ఒక్కొక్క రేకు తానే ఎక్కిచ్చుకున్నడు. లేపుతడా?"

"లేపడు," అంది హాజిరాబీ.

"నేను చెప్పిన అనకండ్రి అమ్మా."

సాయంత్రం అసర్ నమాజు వేళ అయింది. ఆమె ఆ నీళ్లతోనే చేతులు, నోరు, ముఖం కడుక్కుని వజూ చేసుకుంది. నీళ్లు తియ్యగా ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళకు తాజ్ ఇంటికి వచ్చి తల్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇరమ్ గది తలుపు వేసి ఉంది.

"నేను రాక్షసున్నా అమ్మా?"

"ఎవరన్నరు?"

"కాలేజీల అందరికీ చదివి వినిపిచ్చింది గద. పెన్సిలు గూడ పడిపోయిందట. సాబెరా చెప్పింది." అతని చెయ్యి తెలియకుండానే చెవి మీదికి పోయి, ఖాళీగా దిగింది. పెన్సిలు పెట్టుకోవడం మానేసినట్టున్నాడు. "ఆ కథ ఎందుకు పుట్టిందో దానికి యాదికి లేదు. ఆ ఎండకాలం బోరు ఎండింది. ట్యాంకర్ రాలేదు. దానికి జ్వరం. నీళ్లు నీళ్లు అని ఏడుస్తున్నది, నేను తెచ్చేదాక ఊకోవాలె. ఏం చెయ్యాలె? ఆకాశంల ఊరు ఉన్నదని చెప్పిన. ఇంజనీరు రాయి చీల్చిండు, నీళ్లు ఎగజిమ్మినయి అంటే నవ్వింది. ఆ నవ్వు చూసి రోజూ చెప్పిన. ఇప్పుడు అదే నీళ్ల కోసం నన్ను దొంగను చేసింది."

హాజిరాబీ కొడుకు తల మీద చెయ్యి వేసింది. జుట్టులో రాతి పొడి గరగరలాడింది.

"నీ కథల ఆ రాయికి నొప్పైతదేమో అని ఎప్పుడన్న అనుకున్నవా బేటా?"

"రాయికి నొప్పైతది అనుకుంటే ఇల్లెట్ల కడ్తం అమ్మా? నువ్వు కాలు పెట్టిన ఈ బండ ఏడిది?"

ఆమె కిందికి చూసింది. నీలం బండ. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఎండాకాలమంతా ఆ బండ మీదే పడుకుంది. పిల్లల్ని ఆ బండ మీదే పాకించింది. ఆ చల్లదనం ఎక్కడిదని ఒక్కరోజూ అడగలేదు.

"రేపు నువ్వు రాకుంటే చంద్రప్పోళ్లు దిగరు," అన్నాడు తాజ్. "మళ్లీ పోతే ఇగ తిరిగి రారు. నా ఇజ్జత్ పోతే పోనీ. వాళ్లు పోతే ఈ గని ఎవరిది, నేనెవర్ని?"

"వస్త. నేనే కొడ్త. ఫికర్ చెయ్యకు."

అతను తల్లి అరచేయి కళ్లకద్దుకుని లేచిపోయాడు. సాబెరా లోపలికి వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"ఫుప్పూ, పొద్దున దానికి మాటిచ్చిండ్రట. ఇప్పుడు ఈయనకు ఇచ్చిండ్రు. ఏది నిజం?"

"రెండూ."

"రెండూ ఎట్ల నిజమైతయి? రేపు ఎవరో ఒకరు ఈ ఇంట్లకెల్లి పోతరు."

"నువ్వు దువా చెయ్యి సాబెరా. నేను గూడ చేస్త."

శుక్రవారం నమాజు అయ్యాక గని అంచున జనం నిండారు. సేడం పోయినవాళ్లు కూడా కొందరు కొత్త తలగుడ్డలతో వచ్చారు. ఇంజన్ నీళ్ల ఒడ్డున దింపి ఉంది. పైపు నోరు అప్పటికే నీళ్లలో మునిగి ఉంది.

ఫాతెహా చదివారు. చంద్రప్ప కొబ్బరికాయ కొట్టి, నీళ్లు ముగ్గు గుర్తు మీద చల్లాడు. సాబెరా పక్కన నిలబడిన ఇరమ్ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె చూపు నాయనమ్మ చేతుల మీదే ఉంది. తాజ్ వంగి ఉలి తీసి పట్టుకోబోయాడు.

"నాకియ్యి," అంది హాజిరాబీ.

సుత్తి ఒక చేత, ఉలి ఒక చేత పట్టుకుని ఆమె ముగ్గు గుర్తు దాటి నడిచింది. చూపు ఆనక గుర్తు కనపడలేదనుకున్నారు అందరూ. "ఈడ అమ్మా, ఈడ," అన్నాడు తాజ్. ఆమె ఆగలేదు. గట్టు చుట్టూ మెల్లగా తిరిగి, ఎత్తు ఎక్కి, షెడ్డు గోడ పునాది దగ్గరికి పోయింది. అక్కడ మట్టిలోంచి నాలుకంత నీలం రాయి బయటికి వచ్చి ఉంది. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. వెనకే వచ్చిన జనం గొణుగుడు ఆపేశారు.

"అమ్మా, అది నా షెడ్డు."

"తెలుసు బేటా. నువ్వు కడ్తుంటే చూసిన."

"రాత్రి మాటిచ్చినవు."

"కొడ్త అన్న. కొడ్తున్న. నీళ్లు తోడనియ్య అని దానికన్న. తోడనియ్య. చంద్రప్పోళ్లకు పని గావాలె. ఈడ ఉన్నది." ఆమె గొంతు సన్నగా ఉంది, ఆయాసంగా ఉంది. "నీకు కష్టమే. నాకు తెలుసు. నాకు ఇంకో దారి తెల్వలే."

తాజ్ ముఖం తెల్లబోయింది. ఒకసారి షెడ్డు వైపు, ఒకసారి పనివాళ్ల వైపు చూశాడు. చంద్రప్ప చూపు నేల మీద ఉంది.

"ఉలి పట్టండ్రి ఎవరన్న," అంది హాజిరాబీ.

"నేను పట్టొద్దమ్మా," అన్నాడు చంద్రప్ప లోగొంతుకతో. "ఇంటోళ్లే పట్టాలె."

ఇరమ్ ముఖంలో అప్పుడే వెలుగు వచ్చింది. నీళ్లు మిగిలాయి. ఆ సంతోషంతోనే నాయనమ్మ వైపు చూసి, ఆమె కళ్లు తన మీదే ఉండడం గమనించింది.

"నేనా?"

"నీళ్లు గావాల్నంటివి గద."

"నేను రాయిని కోసేదాంట్ల చెయ్యి పెట్ట దాదీ. నేను రాసిందంతా ఏమైతది?"

"నాకు తెల్వది బిడ్డ. గీ పనోళ్లు ఏడికి పోవాలెనో నువ్వు రాయలే. నేను ఈడికి రమ్మంటున్న. పట్టు."

ఇరమ్ వెనక్కి ఒక అడుగు వేసింది.

తాజ్ మాట్లాడకుండా గట్టు దిగాడు. ఇంజన్ దగ్గరికి పోయి హ్యాండిల్ దూర్చాడు. "రాయి కొయ్యడానికి దెబ్బ గావాలె," అన్నాడు పైకి, ఎవరివైపూ చూడకుండా. "నీళ్లు తోడడానికి ఎవరి దెబ్బా అక్కర్లేదు. తోడి పెడ్త. ఆడ ఇయ్యాల దెబ్బ పడకుంటే రేపు ఈడనే పడ్తది."

హ్యాండిల్ తిరిగింది. ఇంజన్ ఒకసారి దగ్గింది, నల్లటి పొగ కక్కింది. జమ్ములోంచి నీటికోళ్లు ఒక్కసారిగా లేచి నీళ్ల మీద తడబడుతూ పరుగెత్తాయి.

ఇరమ్ వచ్చి నాయనమ్మ ఎదురుగా కూలబడింది. ఉలి రెండు చేతులా పట్టుకుని రాయి మీద నిలిపింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"కండ్లు మూసుకోకు," అంది హాజిరాబీ. "చూసి పట్టు."

బిస్మిల్లా అని సుత్తి ఎత్తింది. బరువుకు భుజం కీలు కలుక్కుమంది. వయసు మీద పడ్డ చెయ్యి, కింద పిల్ల వేళ్లు. ఎదురు ఎండకు ఆమెకు రాయి సరిగా కనపడలేదు.

ఇంజన్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరు ఆపారో, దానంతటదే ఆగిందో తెలియలేదు. గట్టు మీదికి పరుగెత్తి వస్తున్న అడుగులు వినపడ్డాయి. రాతి పొడితో తెల్లబడిన తాజ్ చెయ్యి ఇరమ్ వేళ్ల మీదుగా వచ్చి ఉలిని గట్టిగా పట్టుకుంది.

నిలపడానికి పట్టిందో, లాక్కోవడానికి పట్టిందో హాజిరాబీకి అర్థం కాలేదు. సుత్తి అప్పటికే కిందికి దిగుతోంది.